ఏఏసీ బ్లాకు గోడకి స్పీకర్ షెల్ఫులు ఆగుతాయా?

సాగర్‌నగర్_వాసి:
మాది వైజాగ్ సాగర్‌నగర్‌లో ఫ్లాట్, హాలు చిన్నది. స్టాండ్లు పెడితే మా బుడ్డోడు బతకనివ్వడు కాబట్టి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రెండింటినీ టీవీకి అటొకటి ఇటొకటి గోడకే షెల్ఫులు కొట్టించి పెడదామనుకుంటున్నా. ఒక్కోటి 7 కిలోలు, బేస్ పోర్టు (గాలి వచ్చిపోయే కన్నం) వెనకవైపు ఉంది. గోడలు ఏఏసీ బ్లాకులవి (గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మలు). మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలు చాలంటున్నాడు కార్పెంటరు. నిజమేనా?

డ్రిల్లు_బాబాయ్:
చాలవండీ. ఏఏసీ బ్లాకు లోపలంతా గాలి గదులే, మామూలు ప్లగ్గు పట్టు దొరక్క అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి నైలాన్ యాంకర్లు గానీ, కన్నంలో గమ్ము నింపి బిగించే కెమికల్ యాంకర్ గానీ వేయించండి. డ్రిల్లు హామర్ మోడ్‌లో పెట్టనివ్వొద్దు, కన్నం వెడల్పయిపోతుంది. ఇంకోటి, షెల్ఫు ఎంత ముందుకొస్తే పై స్క్రూని అంత గట్టిగా లాగుతుంది, అందుకే గోడకి ఆనుకునే కాలు పొడుగ్గా ఉన్న బ్రాకెట్లు తీసుకోండి. స్విచ్ బోర్డుకి నేరుగా పైన మాత్రం కన్నం వేయొద్దు, వైర్ల పైపు అటే పోతుంది.

బేస్_పిచ్చోడు:
బరువు సంగతి సరే, వెనక పోర్టున్న స్పీకరు గోడకి అతుక్కుంటే బేస్ బొంయ్‌మంటుంది, పాటలో మాటలు వినపడవు. షెల్ఫు లోతు కొలిచేటప్పుడు స్పీకరుతో పాటు వెనక కేబులుకీ, గాలికీ చోటు కలుపుకోండి. అయినా మోత తగ్గకపోతే పోర్టులో ఫోమ్ ముక్క కుక్కండి (మా ఇంట్లో పాత సాక్సు ఆ ఉద్యోగం చేస్తోంది). ట్వీటరు (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకరు) మాత్రం సోఫాలో కూర్చుంటే చెవి ఎత్తుకి రావాలి. బుడ్డోడి గురించి పైకి పెట్టక తప్పదంటే ముందుకి కాస్త వంచి, కింద రబ్బరు ప్యాడ్లు వేయండి.

ఉప్పుగాలి:
సాగర్‌నగర్ అంటే సముద్రం పక్కనే కదా, పౌడర్ కోటింగ్ బ్రాకెట్లు స్క్రూ గీసుకున్న చోట తుప్పు మొదలెడతాయి. బ్రాకెట్లకీ, స్క్రూలకీ 304 గ్రేడు కన్నా 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు, అందులో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. పలకకి పార్టికల్ బోర్డు వద్దు, చెమ్మకి ఉబ్బుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి.

సాగర్‌నగర్_వాసి:
థాంక్స్ అందరికీ. గోడ తట్టి చూశా, ఎడమవైపు కాంక్రీటు పిల్లరు దొరికింది, కుడివైపు బ్లాకే. పిల్లరు నుంచి ఒకటే పొడుగు పలక వేసేస్తే?

డ్రిల్లు_బాబాయ్:
ఎందుకండీ, రెండు స్పీకర్ల అదురూ ఒకే పలక మీదకొస్తుంది, పైగా కుడి కొసకి ఎలాగూ బ్లాకులోనే బిగించాలి. విడివిడిగానే పెట్టండి. పిల్లరులో అయితే హామర్ డ్రిల్లు తప్పదు. కుడివైపు కెమికల్ యాంకర్ వేసేముందు కన్నంలో పొడి మొత్తం ఊదేయించండి, లేకపోతే గమ్ము పొడికే అంటుకుంటుంది. ట్యూబు మీద రాసినంతసేపూ ఆరాకే బరువు. కార్పెంటరు తొందరపెడతాడు, పక్కనే ఉండండి.