ఇల్లు మారుతున్నాము: నలభై ఏళ్ల నాటి స్టీరియో సెట్టును ఏం చేయమంటారు?

వేపచెట్టు_ఇల్లు:
నల్లకుంటలోని సొంత ఇంటిని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చి, వచ్చే నెలలో మియాపూర్‌లోని రెండు పడకగదుల అద్దె ఫ్లాటుకు మారుతున్నాము. 1984లో కొన్న సోనోడైన్ యాంప్లిఫయరు, మూడడుగుల ఎత్తు స్పీకర్ల జత, గెరార్డ్ టర్న్‌టేబుల్, మా బావగారు దుబాయి నుంచి తెచ్చిన అకాయ్ క్యాసెట్ డెక్, బీరువాలో రెండు అరల నిండా ఎల్పీ రికార్డులు ఉన్నాయి. పదేళ్లకు పైగా వాటిని ఎవరమూ ముట్టుకోలేదు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి, పాటలన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా నాన్నా అంటున్నాడు. అమ్మాలో, ఎవరికైనా ఇచ్చేయాలో, ఉంచుకోవాలో తేల్చుకోలేక మిమ్మల్ని అడుగుతున్నాను.

టంకంకడ్డీ:
అన్నిటికంటే ముందు ఒక విన్నపం. పనిచేస్తున్నదో లేదో చూద్దామని యాంప్లిఫయరును నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ఏళ్ల తరబడి కరెంటు తగలని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటును నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) లోపల ఎండిపోయో బలహీనపడో ఉంటాయి. ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే అవి పేలవచ్చు, ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోవచ్చు. స్పీకర్ల జాలీలు తీసి చూడండి. కోను అంచున ఉండే ఫోము వేలితో తాకగానే జిగురు పొడిలా రాలితే కొత్త ఫోము వేయించవలసిందే. ధర విషయానికి వస్తే, ఎల్పీలనూ టర్న్‌టేబుల్‌నూ అడిగేవారు నేటికీ ఉన్నారు. డెక్‌ను అడిగేవారు తక్కువ. అందుకని విడివిడిగా అమ్మడమే మేలు.

గోదారిగట్టు:
టంకంకడ్డీ గారి మొదటి సలహాతో నేను ఏకీభవించను. స్విచ్ వేయకుండా అమ్మిన సెట్టుకు పనిచేయని సరుకు ధరే వస్తుంది. "వేయకండి, కాలిపోతుంది" అనే మాట ఎక్కువగా వినిపించేది కొనేవారి నోటి నుంచే. దూరదర్శన్ రోజులనాటి యంత్రాలు మనం అనుకున్నంత సుకుమారమైనవి కావు.

చిక్కడపల్లి_చక్రం:
అంత మమకారం ఉంటే టర్న్‌టేబుల్‌ను అబ్బాయికే డల్లాస్ పంపించండి.

టంకంకడ్డీ:
అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్; మనది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. గెరార్డ్‌లో ఉండే ఏసీ మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది కనుక, ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజి సరిచేసినా, నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన పళ్లెం దాదాపు 40 చుట్లు తిరుగుతుంది. 60 హెర్ట్‌జ్‌కు సరిపోయే పుల్లీ దొరికితే తప్ప పంపి ప్రయోజనం లేదు.

గోదారిగట్టు గారికి: సుకుమారమైనవి కావన్న ధీమాతోనే ఒక పెద్దమనిషి, నేను వారి ఇంటికి చేరే లోపలే, కొనేవారికి చూపించాలని స్విచ్ వేశారు. నేను వెళ్లేసరికి గది నిండా వార్నిష్ మాడిన వాసన. ఆ ట్రాన్స్‌ఫార్మరుకు జోడు దొరకక, యాంప్లిఫయరు చివరికి తూకానికి పోయింది.

సంధ్యాదీపం:
ఇద్దరూ స్విచ్ దగ్గరే ఆగిపోయారు. ఫ్లాటు హాలు కొలత ఎవరూ అడగలేదు. మూడడుగుల స్పీకర్లను సోఫా పక్కన గోడకు ఆనించి పెడితే బేసు మోత తప్ప పాట వినబడదు. పక్క ఫ్లాటువారు సొసైటీకి ఫిర్యాదు చేస్తారు. మా ఇంట్లో ఇరవై ఏళ్లు అలాంటి స్పీకర్ల మీద దుమ్ము దులిపింది నేను, పాటలు విన్నది మావారు. ఇంతకీ మీ ఇంటావిడ ఏమంటున్నారో అది కూడా రాయండి.

ఉప్పల్_వాసి:
పాడైన డెక్‌ను పాత సామాన్లవాడికి వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అలాంటివి నమోదైన రీసైక్లర్లకు చేరాలి. తూకానికి కొన్నవారు తీగల పైపొరను కాల్చి రాగి తీసుకుంటారు.

గోదారిగట్టు:
కొలతల సంగతి తరువాత చూద్దాము. టంకంకడ్డీ గారూ, మీరు మరమ్మతులు చేయడంతో పాటు పాత సెట్లు కొని అమ్ముతారని ఇదే వేదికలో మునుపు మీరే రాశారు. మరి అమ్మేవారికి సలహా చెప్పేటప్పుడు ఆ సంగతి ముందుగా చెప్పుకోవాలా, వద్దా?

టంకంకడ్డీ:
కొంటాను, అమ్ముతాను, అందులో దాచవలసింది ఏమీ లేదు. వేపచెట్టు గారి సెట్టుకు నేను బేరం పెట్టలేదు. పరిచయం లేని మనిషిని ముందే దొంగను చేసి మాట్లాడటం మర్యాద కాదు.

గోదారిగట్టు:
సరే, నేను ఇలా మాట్లాడటానికి కారణం చెబుతాను. మా నాన్నగారు పోయిన ఏడాదికే అన్నదమ్ములం ఇల్లు పంచుకున్నాము. సెట్టు కొనడానికి వచ్చినతను మీరు చెప్పిన మాటే చెప్పి, స్విచ్ వేయనివ్వకుండా, ఇనుము ధరకు కాస్త పైన ఇచ్చి ఆటోలో వేసుకుని వెళ్లాడు. నెల తిరగకుండానే అదే సెట్టు, టర్న్‌టేబుల్ మూత మీద మా చెల్లెలు చిన్నప్పుడు జడపిన్నుతో గీసిన గీతతో సహా, "చక్కగా పనిచేస్తున్నది" అన్న ప్రకటనలో కనిపించింది.

టంకంకడ్డీ:
మీకు అన్యాయమే జరిగింది. కానీ మిమ్మల్ని మోసం చేసినవాడు చెప్పిన మాట గనుక అది అబద్ధమైపోదు. మీ ఎదుటే పరీక్షించే పద్ధతి ఉన్నదని అతను చెప్పలేదు, అక్కడే మోసం చేశాడు. పాత ఫిలమెంట్ బల్బును యాంప్లిఫయరుతో సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే వెళ్లేలా, కలిపి స్విచ్ వేస్తే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది; లేకపోతే ఒక్క క్షణం వెలిగి మందగిస్తుంది. ఆ తరువాత స్పీకర్ తీగలు తగిలించే టెర్మినళ్ల దగ్గర, స్పీకర్లను కాల్చేసే డీసీ వోల్టేజి లేదని మీటరుతో చూసుకుని, అప్పుడు స్పీకర్లు కలపాలి. అంతా అరగంట పని. అమ్మేవారు పక్కనే కూర్చుని చూడవచ్చు.

గోదారిగట్టు:
ఆ అరగంట మాకు ఎవరూ ఇవ్వలేదు. మీరు ధర గురించే అనుకుంటున్నారు గనుక చెబుతున్నాను, ఆ రోజు నేను స్విచ్ వేద్దామన్నది ధర కోసం కాదు. అది మోగితే అన్నయ్యలు అమ్ముదామన్న మాట మానుకుంటారేమోనని. అమ్మవద్దని నోరు తెరిచి చెప్పే ధైర్యం లేక ఆ వంక పెట్టాను. వేపచెట్టు గారి ప్రశ్నలో నాకు అదే వినిపించింది. అమ్మదలచిన మనిషి ధర అడుగుతాడు. వారు ఇంతవరకు ధర ఊసే ఎత్తలేదు.

సంధ్యాదీపం:
ఈ మాట మొదటి రోజే రాసి ఉంటే ఇంత రభస ఉండేది కాదు.

వేపచెట్టు_ఇల్లు:
రెండు రోజులుగా అన్నీ చదువుతూనే ఉన్నాను. ధర అడగని మాట నిజం. మా ఆవిడను అడిగితే, "ఒక అర మీకు వదిలేస్తాను, స్పీకర్లు మాత్రం కొత్త ఫ్లాటు గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు" అన్నది. కనుక స్పీకర్లు అమ్ముతాను, ఫోము రాలుతున్న సంగతి చెప్పి మరీ అమ్ముతాను. డెక్ లోపల బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. దానిలోని భాగాలు పనికివస్తాయంటే టంకంకడ్డీ గారు తీసుకోవచ్చు, లేకుంటే రీసైక్లరుకే ఇస్తాను. యాంప్లిఫయరు పరీక్షలో నిలబడితే దానినీ, టర్న్‌టేబుల్‌నూ, అరలో పట్టినన్ని రికార్డులనూ వెంట తీసుకువెళతాను. చిన్న స్పీకర్లు తరువాత చూసుకోవచ్చు. నిలబడకపోతే అప్పుడు ధర అడుగుతాను. పరీక్ష మాత్రం మా ఇంట్లోనే జరగాలి.

టంకంకడ్డీ:
ఆదివారం వస్తాను. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు నా దగ్గర ఉంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు, ఎవరూ ప్రయత్నించవద్దు.

గోదారిగట్టు:
అంత జాగ్రత్త చెప్పినవారు ఏకంగా 100 వాట్లతో మొదలుపెడతారా? 60 వాట్లది ముందు పెట్టాలి.

టంకంకడ్డీ:
60 వాట్లతో ఆ యాంప్లిఫయరుకు చాలినంత వోల్టేజి అందకపోవచ్చు. అప్పుడు బాగున్న సెట్టును కూడా పాడైందని మీరే అంటారు.

వేపచెట్టు_ఇల్లు:
రెండూ తీసుకురండి. గోదారిగట్టు గారూ, హైదరాబాదులోనే ఉంటే మీరు కూడా రండి. ఆదివారం పది గంటలకు మా వీధిలో కరెంటు తీసేస్తారట, తొమ్మిదికల్లా చేరుకోండి.