కూలింటి బిడ్డ లెక్కల్లో నెగ్గితే అది పట్టుదలా, బడి చలవా?

కాజీపేట వాసి:
పదో తరగతి ఫలితాలు రాగానే పేపర్లలో ఏటా చూస్తాం: తల్లి కూలికి పోతుంది, బిడ్డకు లెక్కల్లో వందకు వంద. ఆ బిడ్డను చూస్తే నాకూ గర్వమే. కానీ "పట్టుదల ఉంటే పేదరికం అడ్డే కాదు" అని కింద రాస్తారు చూడండి, నా గొడవంతా ఆ మాటతోనే.

పదిహేనేళ్ల పిల్లలకు చాలా దేశాల్లో పెట్టే పీసా పరీక్షలో ఒక లెక్క తీస్తారు. ఒక్కో దేశంలో అన్నిటికన్నా వెనుకబడిన పావువంతు కుటుంబాల పిల్లల్లో ఎంతమంది ఆ దేశపు మార్కుల్లో పై పావువంతులోకి వచ్చారని. ఇంటి పరిస్థితి ప్రభావమే లేకపోతే నూటికి 25 మంది రావాలి. 2022లో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి) దేశాల సగటు, గణితంలో, 10. మిగతా పదిహేను మందికి పట్టుదల లేదనుకోవాలా?

భూపాలపల్లి తమ్ముడు:
అన్నా, నేను గురుకులంలో చదివిన. మీ మాట కొంచెం బాధ పెట్టింది. అందరం ఒకే అన్నం తిన్నం, ఒకే సార్ పాఠం విన్నం. అయినా పొద్దున నాలుగింటికి లేచి ఫిజిక్స్ లెక్కలు చేసింది కొందరమే. అదంతా బడి చలవ అంటే ఎట్లా?

కాజీపేట వాసి:
తమ్ముడూ, నీ కష్టాన్ని తక్కువ చేయను. కానీ లేచేసరికి లైటు, కడుపునిండా తిండి, డౌటొస్తే అడగడానికి సార్ ఉన్నారు కదా. మన లక్నేపల్లిలో పుట్టిన పీవీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1971లో, సర్వేలు అనే ఊళ్లో మొదటి గురుకులం పెట్టారు. పేదింట్లో దొరకనివి బడిలోనే దొరకాలన్నది అందులోని ఆలోచన. అయితే ఐదో తరగతి సీటుకే ఎంట్రన్స్ ఉంది. అది దాటలేక ఊళ్లోనే ఉండిపోయిన పిల్లల సంగతే నేనడిగేది.

పరకాల లెక్కల టీచర్:
ఆ పిల్లలు నా క్లాసులో ఉంటారు. దసరా దాటాక పత్తి ఏరుడు మొదలైతే వెనక బెంచీలు ఖాళీ అవుతాయి. సాంఘికం పాఠం పోయినా తర్వాత చదువుకుని అందుకుంటారు. సమీకరణాలు మొదలుపెట్టిన వారం రాకపోతే ఆ పైన చెప్పేదేదీ ఎక్కదు. ఐదులో భిన్నాలు రాని పిల్లకు ఏడులో నిష్పత్తులు, ఎనిమిదిలో బీజగణితం అన్నీ టెన్షనే. "నాకు లెక్కలు రావు మేడమ్" అంటుంది. అది తెలివి తక్కువై కాదు, ఆగిపోయిన చోటికి వెనక్కి వెళ్లి ఎవరూ నేర్పక. పక్కన కూర్చోబెట్టుకుని చెబితే రెండు మూడు నెలల్లో అందుకున్న పిల్లల్ని చూశాను. కానీ సిలబస్ ఆగదు, అంత టైమ్ నాకు దొరకదు.

జనగామ నాన్న:
సైన్సులో భాష గోస కూడా ఉంది మేడమ్. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంది కాబట్టి మా పాప బతికిపోయింది. తెలుగు వైపు చదివి అర్థం చేసుకుంటుంది, ఇంగ్లిష్ వైపు చూసి రాస్తుంది.

భూపాలపల్లి తమ్ముడు:
మేడమ్, పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ ఉంది కదా? ఎనిమిదిలో పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. దాంతో పత్తి చేలకు పోవుడు తగ్గదా?

పరకాల లెక్కల టీచర్:
వచ్చిన ఇంట్లో తప్పకుండా తగ్గుతుంది బాబూ. కానీ ఆ పరీక్షలోనూ లెక్కలు, సైన్సు ఉంటాయి. భిన్నాలు రాని పిల్ల అక్కడా ఆగిపోతుంది. నువ్వు ఊరికి వచ్చినప్పుడు మీ బడిలో ఆరో తరగతి పిల్లలకు ఆదివారం పూట ఒక గంట చెప్పగలవా? హెడ్మాస్టర్‌తో నేను మాట్లాడతాను.