జబ్బు సంగతి పెద్దవాళ్లకు దాచొచ్చా? కాంట్ వద్దంటాడు, మిల్ సరేనంటాడు

మల్కాజిగిరి మేనల్లుడు:
మా మామయ్యకు 71 ఏళ్లు. పేగు క్యాన్సర్ అని తేలింది. ఇంట్లో అందరూ కూడబలుక్కుని ఆయనకు 'అల్సర్' అని చెప్పారు. రిపోర్టుల ఫైలు అత్తయ్య బీరువాలో చీరల కింద ఉంది. నాకు మింగుడుపడటం లేదు. స్నేహితుణ్ని చంపడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి 'లోపలున్నాడా?' అని అడిగినా అబద్ధం చెప్పకూడదని జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో రాశాడు. అంత దూరం నేను పోలేను. కానీ ఏ మనిషినీ కేవలం మన పనికి సాధనంగా చూడొద్దని 1785లో ఆయనే అన్న మాట మాత్రం మా ఇంటికి సూటిగా తగులుతోంది. మామయ్య రాయాల్సిన కాగితాలున్నాయి, పలకరించాల్సిన మనుషులున్నారు. అవి తేల్చుకునే వీలు ఆయనకు లేకుండా చేశాం.

లెక్కల మాస్టారు:
బాబూ, ఇంగ్లిష్ తత్వవేత్త మిల్ రాసిన 'యుటిలిటేరియనిజం' ఒకసారి తిరగెయ్. 1861 నాటిది. అబద్ధాలాడితే మనుషుల మధ్య నమ్మకం చెడుతుంది కాబట్టి నిజమే నియమం అంటాడు. దానికి మినహాయింపుగా ఆయన చెప్పిన ఉదాహరణ ఏంటో తెలుసా? ప్రాణాపాయంలో ఉన్న రోగికి చెడువార్త దాచడం! అచ్చం మీ ఇంటి కేసే. మన శుక్రాచార్యుడు కూడా ప్రాణం, విత్తం, మానం పోయే చోట బొంకినా పాపం లేదనే బలికి చెప్పాడు.

తార్నాక తర్కం:
బలి ఆ మాట వినలేదు మాస్టారూ, అదీ చెప్పండి :) మిల్ మాట కూడా సగమే చెప్పారు. ఆ అబద్ధం వల్ల ఒక మనిషికి, ముఖ్యంగా మనకు కాక ఎదుటివాడికి, పెద్ద కీడు తప్పాలంటాడు. అబద్ధమాడితే తప్ప దాచడం కుదరని చోటే అంటాడు. దాచితే మామయ్యకు తప్పే కీడేంటి? జబ్బు తగ్గదుగా. తప్పేదల్లా ఎదురుగా కూర్చుని చెప్పాల్సినవాళ్ల టెన్షన్.

నైట్ డ్యూటీ సిస్టర్:
క్యాన్సర్ వార్డులో చేస్తాను. పేషెంటుకు తెలియదనే మీరంతా వాదించుకుంటున్నారు. లక్డీకాపూల్‌లో ఆటో ఎక్కి రెడ్ హిల్స్ దవాఖాన అంటే చాలు, డ్రైవరే 'క్యాన్సర్‌దా?' అంటాడు. కొన్ని కీమో మందులకు వెలుతురు తగలకూడదు, సీసాకు కవరు తొడుగుతాం. 'అల్సర్ మందుకు ఈ ముసుగెందుకు బిడ్డా?' అన్నాడొక తాత. నేను నీళ్లు నములుతుంటే, కూతురు కిందికి పోయిందో లేదో చూసుకుని, 'నాకెరికే. దానికి మాత్రం చెప్పకు, భయపడతది' అన్నాడు. ఇద్దరూ నటిస్తున్నారు, మధ్యలో మేం.

తార్నాక తర్కం:
ఇదీ అసలు సంగతి. బ్రిటిష్ తత్వవేత్త డబ్ల్యూ.డి. రాస్ 1930లో చెప్పింది ఇదే: మాట నిలబెట్టుకోవడం, మేలు చేయడం, హాని చేయకపోవడం, ఇలా మనకు చాలా బాధ్యతలుంటాయి, అవి ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు ఏది పైచేయో సందర్భాన్ని చూసి తేల్చుకోవాల్సిందే. ముందే ఫార్ములా ఉండదు. అరిస్టాటిల్ ఉండుంటే ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పారనే అడిగేవాడు. మీ చర్చలో అదొక్కటే లేదు.

మల్కాజిగిరి మేనల్లుడు:
అయితే ఆదివారం వెళ్లి మామయ్యనే అడుగుతా, 'డాక్టరు గారు చెప్పేవన్నీ నీకు చెప్పమంటావా, అత్తయ్యకు చెప్తే చాలా?' అని. వద్దంటే నోరెత్తను. దీనికి కాంట్ కూడా అడ్డుచెప్పడనుకుంటా. అడక్కపోతే ఊరుకోవచ్చు, అడిగితే మాత్రం అబద్ధం కుదరదు.

లెక్కల మాస్టారు:
ఆ ప్రశ్న వినగానే ఆయనకు అర్థం కాదూ? అడగడం పేరుతో చెప్పేస్తున్నావు, అది కూడా మీ అత్తయ్యను అడక్కుండా.