చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సైకిల్ తొక్కుతున్న మహిళకు ఎలాంటి సీటు నప్పుతుంది?

ప్రశ్న:
కాలేజీ చదువు ముగిశాక సైకిల్ జోలికి వెళ్లలేదు. ఇద్దరు పిల్లలు పుట్టి, నలభై దాటిన తర్వాత ఒక హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్యరకం) కొనుక్కున్నాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల పైకప్పుతో 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మాకు దగ్గరే కాబట్టి ఉదయం పూట అక్కడికే వెళ్తున్నాను. కాళ్లలో సత్తువ ఉంది, ఆయాసమూ లేదు; కానీ అరగంట దాటేసరికి సీటు ముందుభాగం ఒత్తుకుని తిమ్మిరి ఎక్కుతోంది, దిగాక మంటగా ఉంటోంది. షాపులో ఇచ్చిన మెత్తటి జెల్ కవరు వేశాక బాధ మరింత పెరిగింది. దయచేసి తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1:
నమస్కారమండీ. ముందుగా ఆ జెల్ కవరు తీసేయండి. మన బరువును మోయవలసినవి పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తగా ఉంటే అవి లోపలికి దిగబడి, మధ్యలోని జెల్ పైకి ఉబ్బి, ఒత్తిడి పడకూడని సున్నితమైన చోటనే పడుతుంది. ఆడవారిలో ఈ ఎముకల మధ్య దూరం సాధారణంగా మగవారికంటే ఎక్కువ, అయితే మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కనుక ‘లేడీస్ సీటు’ అన్న పేరు చూసి కొనకుండా కొలుచుకోవడమే మంచిది. గట్టి బల్ల మీద అట్టపెట్టె ముక్క పరిచి, పలుచని బట్టలతో దానిపై కూర్చుని, కాస్త ముందుకు వంగి లేవండి. అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడిమి బిందువుల మధ్య దూరమే మీ కొలత.

జవాబు 2:
కొత్త సీటుకు డబ్బు పెట్టేముందు ఉన్నదాన్ని సరిచేసి చూడండి. మడమను పెడల్ మీద ఆనించి కిందికి తెచ్చినప్పుడు కాలు నిటారుగా చాగాలి. సీటు అంతకంటే ఎత్తులో ఉంటే తొక్కిన ప్రతిసారీ నడుము అటూ ఇటూ ఊగి, తొడల సందు ఒరుసుకుపోతుంది. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల లోదుస్తులు వేసుకోకూడదు, ఎందుకంటే వాటి కుట్లే రాపిడికి కారణమవుతాయి. ఈ మాట మన దగ్గర ఆడవాళ్లకు ఏ షాపులోనూ చెప్పరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అట్ట మీద కొలత 13 సెంటీమీటర్లు వచ్చింది. మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే సీటు ముక్కు, అంటే ముందు కొస, పైకి లేచి ఉంది.

జవాబు 3:
అయితే మీ తిమ్మిరికి ఆ ముక్కే ప్రధాన కారణం కావచ్చు. అలెన్ కీతో (ఆరు పలకల L ఆకారపు తాళంతో) సీటు కింది బోల్టు వదులు చేసి, మట్టంగా గానీ, ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉండేలా గానీ బిగించండి. మరీ దించితే ముందుకు జారిపోయి భారమంతా అరచేతుల మీద పడుతుంది. హైబ్రిడ్ మీద నడుము దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి మీ కొలతకు రెండు, మూడు సెంటీమీటర్లు కలిపి, 155 మిల్లీమీటర్ల పరిసరాల్లో వెడల్పు ఉన్నది వెతకండి. ముక్కు పొట్టిగా, మధ్యలో ఖాళీ వదిలిన రకాన్ని ముందు ప్రయత్నించండి. ఆ ఖాళీ అంచులే కొందరికి గుచ్చుకుంటాయి గనుక, తొక్కి చూసి నప్పకపోతే మార్చి ఇచ్చే షాపులోనే కొనండి. కాన్పు సమయంలో కుట్లు పడి ఉండి, సీటు సరిచేశాక కూడా అక్కడే నొప్పి వస్తుంటే గైనకాలజిస్టుకు చూపించుకోండి.