తడబాటా, కైగట్టడమా? వీడియోలో ఉంచేసిన తప్పుకు తెలుగు మాట

హనుమకొండ సభ్యుడు (చర్చ మొదలు):

ఇక్కడ హాస్య వీడియోలు తీసే పిల్లలు కొందరు ఒక ప్రశ్న అడిగారు. వీడియో చివర చూపించే తప్పుల ముక్కల మీద ‘బ్లూపర్స్’ అని కాకుండా తెలుగులో ఏమని వేయాలి? అమెరికా రేడియోలో దొర్లిన తప్పులను పోగుచేసి 1950లలో కెర్మిట్ షేఫర్ అనే ఆయన రికార్డులుగా అమ్మాడు. ఆ మాట జనంలోకి వెళ్లింది అప్పుడే. మనవాళ్లకు మాటకంటే ముందు వస్తువు పరిచయమైంది. జాకీ చాన్ సినిమాల చివర పేర్లు పడుతుంటే, గురి తప్పిన దూకుళ్లు, తగిలిన దెబ్బలు చూపించేవారు కదా, అవే.

ఈ జాతి మాటలకు తెలుగులో కరవేమీ లేదు. పొరపాటు, తడబాటు, తొట్రుపాటు, తత్తరపాటు, ఏమరుపాటు. అన్నీ ‘పాటు’తోనో, అదే మెత్తబడిన ‘బాటు’తోనో ముగుస్తున్నాయి, గమనించారా? పొరపడితే పొరపాటు, తడబడితే తడబాటు. ఆ ‘పాటు’ అంతా ‘పడు’ ధాతువు సంతానం. పడటం మనిషి పూనుకొని చేసే పని కాదు, మనిషికి జరిగేది. పనిగట్టుకొని ఎవరూ తడబడరు.

పిల్లలు చూపించిన ముక్కల్లో సగం అలాంటివే. ‘ప్రత్యామ్నాయం’ దగ్గర నాలుక మడతపడి నవ్వేయడం, తలుపు తీయబోతే గడియ ఊడి చేతికి రావడం వంటివి. మిగతా సగం వేరే రకం. పెళ్లిచూపుల సన్నివేశంలో ఒక మేక లోపలికి వచ్చి పళ్లెంలో మూతి పెట్టింది. అమ్మమ్మ వేషం వేసినావిడ కెమెరా వైపు చూడలేదు, నవ్వలేదు. ‘నువ్వు పిల్లవాడి తరఫా, పిల్ల తరఫా?’ అని మేకను అడిగి తన మాట కొనసాగించింది. ఆమె ఎక్కడా పడలేదు. కాబట్టి ఏ ‘పాటు’ మాటా దీనికి అతకదు.

మన వైపు దీనికి ‘కైగట్టడం’ అనే మాట ఉంది. అప్పటికప్పుడు పాట అల్లి పాడితే కైగట్టి పాడారంటాం. కవితను కైత అంటాం కదా, ఆ ‘కై’ ఇందులో వినిపిస్తుంది. తడబాటు పడేది, కైత కట్టేది. ఈ తేడా ‘బ్లూపర్’లో లేదు, రెంటినీ ఒకే గంపలో వేస్తుంది. మీరేమంటారు?

మంథని సభ్యుడు (విశ్రాంత తెలుగు పండితుడు):

‘ఆశువు’ ఉండగా కొత్త శోధన ఎందుకు? అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అనే అంశమే ఉంది. అవధాని సమస్య పూరిస్తూ, వద్దన్న అక్షరం రాకుండా పద్యం చెప్పే నిషిద్ధాక్షరితో కుస్తీ పడుతూ ఉంటే, ఒక పృచ్ఛకుడు సందర్భం లేని ప్రశ్నలు వేసి ఏకాగ్రత చెదరగొడతాడు. అవధాని చమత్కారంగా బదులిచ్చి మళ్లీ పద్యంలోకి వెళ్లాలి. మీరు చెప్పిన అమ్మమ్మ చేసింది అదే.

హనుమకొండ సభ్యుడు:

పోలిక బాగుంది పండితుల వారూ. అయితే అవధానిని చెదరగొట్టడానికి ఒక మనిషిని ముందే నియమించి కూర్చోబెడతారు. మేకను ఎవరూ నియమించలేదు. పైగా ‘ఆశువు’ అనగానే చదువరి చెవికి పద్యం వినిపిస్తుంది. ఒక్క వాక్యం, ఒక చూపు, ఒక విసురుకు ఆ మాట బరువు.

జనగామ సభ్యురాలు:

కైగట్టడానికే నా ఓటు. కాకపోతే దాన్ని పాటకే కట్టేయకండి. ఒగ్గు కథ చూసినవారికి ఇది తెలుసు. బీరప్ప కథో మల్లన్న కథో సాగుతుంటే ప్రేక్షకుల్లో ఎవరో లేచి వెళ్తారు, ఒక చంటిపిల్ల ఏడుస్తుంది. కథకుడు వాళ్లను కూడా కథలోకి లాగేస్తాడు. పక్కవాళ్లు అందుకుంటారు, ఢోలు ఆగదు. మాట మరిచినా ఆ దరువు నడుస్తున్నంతసేపు అతనికి వెతుక్కోవడానికి సమయం దొరుకుతుంది. మా జిల్లా మాణిక్యాపురం నుంచి వెళ్లి ఒగ్గు కథకు సంగీత నాటక అకాడమీ పురస్కారం తెచ్చిన చుక్క సత్తయ్య గారి (2017లో పోయారు) ప్రదర్శనల గురించి మా పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు కథ కంటే ఇలాంటి ముచ్చట్లే ఎక్కువ.

బతుకమ్మ కూడా చూడండి. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు ముందు పాడే ఆమెకు చరణం గుర్తు రాకపోతే, అందరూ ‘ఉయ్యాలో’ అనేలోపు ఆమె ఇంకో చరణం కట్టేస్తుంది. అక్కడ తడబాటుకూ కైగట్టడానికీ మధ్య ఉన్న దూరం ఒక్క ‘ఉయ్యాలో’.

కరీంనగర్ సభ్యుడు (ఎడిటింగ్ పని):

మీరంతా నటించినవారి వైపు నుంచే చూస్తున్నారు. నా బల్ల దగ్గర సంగతి వేరు. ఫిల్ము రోజుల్లో దీనికి పేరు ‘ఎన్జీ’. పనికిరాదని చెప్పే ‘నో గుడ్’ అనే రెండు ఆంగ్ల మాటల పొడి అక్షరాలు. 35 ఎం.ఎం. ఫిల్ము వెయ్యి అడుగుల చుట్ట సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. తప్పు పడిన ప్రతి టేకూ ఆ చుట్టలోంచి డబ్బు కోసుకుపోయినట్టే. అందుకే నవ్వు వచ్చినా ఆపుకునేవారు. ఇప్పుడు మెమరీ కార్డులో జాగా చెరిపేసి మళ్లీ వాడుకోవచ్చు. కెమెరా ఆపకుండా తిప్పుతూనే ఉంటారు. మేక దొరికింది ఆ ధైర్యం వల్లే.

ఇంకో మాట. వేదిక మీద తప్పు జరిగితే అందరూ చూసేశారు, వెనక్కి తీసుకోలేం. వీడియోలో తీసేయవచ్చు, కానీ తీయలేదు. దాన్ని ఉంచాలని ఎవరో నిర్ణయించారు. దూరదర్శన్ మనకు ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని చెప్పేది. ఈ పిల్లలు చింతించడం లేదు, అంతరాయాన్ని ముందుకు తెచ్చి చూపిస్తున్నారు. అచ్చులో దొర్లిన తప్పుకు విశాఖదత్తుడి నాటకం పేరు అరువు తెచ్చి ‘ముద్రారాక్షసం’ అని ముద్దుపేరు పెట్టుకున్నాం. కానీ ఏ సంపాదకుడూ దాన్ని కావాలని అట్టే పెట్టలేదు. ఈ ‘ఉంచడం’ అన్నది మీ రెండు మాటల్లోనూ లేదు.

ములుగు సభ్యుడు:

పరిగె అనండి. కోత అయ్యాక చేలో మిగిలిన వెన్నులను ఏరుకుంటే అది పరిగె. ‘కోత’ అన్న మాట ఎడిటింగుకూ సరిపోతుంది.

కరీంనగర్ సభ్యుడు:

అన్నా, వీడియో అయిపోయాక చివర వేసే ముక్కలకు పరిగె అద్భుతంగా ఉంది, దాచుకుంటాను. కానీ మేక ముక్కను మేం చివర వేయం, కథ మధ్యలోనే ఉంచుతాం. అది పంటలోకే పోయింది కదా.

జగిత్యాల సభ్యురాలు:

మా జిల్లా లంబాడిపల్లి గంగవ్వ గురించి ఎవరూ ఎత్తలేదేమి? మై విలేజ్ షో యూట్యూబ్ వీడియోల్లో ఆమెను చూసినవారికి ఈ చర్చ సగం అక్కర్లేదు. ఆమె చదువుకోలేదు. సన్నివేశం ఇదీ అని చెబితే తన మాటల్లోకి మార్చుకుని అనేది. 2020లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్లేసరికి రాష్ట్రమంతా ఆమెను గుర్తుపట్టింది ఆ మాట తీరు వల్లనే. అక్కడ రాసిన వాక్యం తప్పిపోయింది అనాలా, రాసినవారు తప్పారు అనాలా?

నాకు అసలు అభ్యంతరం ఇక్కడ. మన ‘తప్పుల ముక్కల్లో’ చాలావాటిని చూడండి. నటుడు పుస్తకపు వాక్యం అనబోయి ఇంట్లో అనే మాట అనేశాడు, అందరూ నవ్వారు, ముక్క చివరికి పోయింది. బడి పలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అని కాళోజీ గారు మీ హనుమకొండలోనే కదా మొత్తుకున్నది? ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటూ, మన పలుకుబడిని ‘తడబాట్లు’ అన్న శీర్షిక కింద పెడితే నేను ఒప్పుకోను.

హనుమకొండ సభ్యుడు:

ఇది అందరి కంటే గట్టి మాట. పిల్లలకు ఈ సంగతి చెబుతాను: ఇంటి మాట వచ్చిన ముక్కలను నవ్వుల్లో కలపవద్దని, వీలైతే వాటినే అసలు టేకులుగా వాడమని.

ఖమ్మం సభ్యుడు:

‘కట్టడం’ గొప్ప, ‘పడటం’ తక్కువ అన్నట్టు మాట్లాడుతున్నారు. అబద్ధాన్ని కట్టుకథ అంటాం, మరిచిపోయారా? ఇప్పుడు చాలా ఛానళ్లలో తడబాటును కూడా ముందే రాసుకుంటున్నారు. మూడో సెకనులో గ్లాసు పడాలి, ఐదో సెకనులో అందరూ నవ్వాలి. దానికేం పేరు పెడతారు?

జనగామ సభ్యురాలు:

‘కట్టు తడబాటు’. మీరే ఇచ్చారు పేరు.

కరీంనగర్ సభ్యుడు:

దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నిజంగా తడబడినవాడి చూపు ముందు ఎదుటి నటుడి మీదికి పోతుంది, ఏమైంది అన్నట్టు. రాసుకున్న తడబాటులో చూపు నేరుగా కెమెరాలోకి వస్తుంది. ఇది నా అనుభవంలో చూసిందే తప్ప శాస్త్రమేమీ కాదు. ఒక్కోసారి మంచి నటులు నన్ను కూడా మోసం చేస్తారు.

వరంగల్ కోట ప్రాంత సభ్యుడు:

నేను ఎదురు చెబుతాను. నేరెళ్ల వేణుమాధవ్ గారు (1932–2018) మన ఊరివారు. ఆయన కళకు ‘ధ్వన్యనుకరణ’ అని చక్కటి సంస్కృత మాట ఉంది, పత్రికలు రాసేవి, సన్మాన పత్రాల్లో చదివేవారు. జనం మాత్రం మిమిక్రీ అన్నారు. రేపు కైగట్టడం కూడా సన్మాన పత్రాల్లోనే మిగిలితే? బ్లూపర్‌ను బస్సులా, రైలులా మనది చేసేసుకుంటే పోలేదా?

హనుమకొండ సభ్యుడు:

ధ్వన్యనుకరణ జనం నోట ఎప్పుడూ వాడుకలో లేదు, పండితులు కూర్చి ఇచ్చారు, పలకడానికి నోరు తిరగాలి. కైగట్టడం ఎవరూ కూర్చలేదు. ఊళ్లలో ఇప్పటికీ అంటున్నారు. కొత్త చోట వాడదామంటున్నాను, అంతే. బ్లూపర్‌తో నాకు పగ లేదు. నాలుక మడతపడిన ముక్కలకు పిల్లలు దాన్నే ఉంచుకున్నా సరే. కానీ ఆ అమ్మమ్మ మేకతో అన్న మాట మీద మాత్రం ఆ ముద్ర వేయనివ్వను.

కరీంనగర్ సభ్యుడు:

మధ్యలో ఉంచే ముక్కకు అసలు శీర్షికే వద్దు. పేరు పెడితే చూసేవారికి ముందే తెలిసిపోతుంది. చివరి ముక్కలకే పేరు కావాలి. నా వరకు ‘పరిగె’ అని వేస్తున్నాను. కింద వచ్చే వ్యాఖ్యలు చూసి మీకు చెబుతాను.

జగిత్యాల సభ్యురాలు:

చూసి చెప్పండి. ఇంతకీ కైగట్టడమా, కైకట్టడమా? రెండూ చదివినట్టు గుర్తు.

మంథని సభ్యుడు:

‘కై’ తరువాత వచ్చే ‘కట్టు’లోని క నోట్లో సరళమై గ అవుతుంది, అందుకే గ రాస్తున్నారు. క రాసినా దోషం కాదు. వీడియో మీద వేసేటప్పుడు మాత్రం ఏదో ఒకటే పాటించండి. ట కింద ట ఒత్తు మరవకండి.