పొత్తికడుపుకు రేడియేషన్ ఇచ్చే ముందు అండాశయాలను కాపాడుకోవచ్చా?

ప్రశ్న: మా చెల్లెలికి 27 ఏళ్లు, పెళ్లయి ఏడాదే అయింది. పురీషనాళంలో క్యాన్సర్ తేలడంతో, సర్జరీకి ముందు 5 వారాలకు పైగా రేడియేషన్ ఇస్తామన్నారు. అండాశయాలను జరిపే ఆపరేషన్ గురించి విన్నాం. అది నిజంగా పనిచేస్తుందా?

మొదటి జవాబు: చాలామందికి పనిచేస్తుందండి. లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌తో) అండాశయాలను రక్తనాళాలు తెగకుండా పైకి తెచ్చి, కడుపు పక్క గోడకు కుట్టి, స్కాన్‌లో కనబడేలా చిన్న లోహపు క్లిప్పులు పెడతారు. సుమారు 2 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్) మోతాదుకే అండాల నిల్వలో సగం నశిస్తుంది, ఈ చికిత్సలో ఇచ్చేదేమో 45 నుంచి 50 గ్రే. పైకి జరిపినా చెదిరిన కిరణాలు కొంత తగులుతాయి, అండాశయాలు తిరిగి కిందికి జారే అవకాశమూ ఉంది, కాబట్టి రేడియేషన్ తేదీకి దగ్గరగా చేయించండి.

రెండో జవాబు: నాకు ఇదే జరిగింది. ప్లానింగ్ స్కాన్ తెర మీద రెండు పక్కలా మెరుస్తున్న క్లిప్పులను టెక్నీషియన్ వేలితో చూపించారు. నెలసరి ఆగలేదు గానీ, గర్భాశయాన్ని అలా జరపడం మామూలుగా కుదరదని, రేడియేషన్ తగిలితే అది బిడ్డను మోయలేకపోవచ్చని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ మాట ఇప్పుడే అడగండి.

మూడో జవాబు: అండాశయాలను నిద్రపుచ్చే నెలవారీ ఇంజెక్షన్‌ను కీమో సమయంలో వాడతారు, రేడియేషన్ నుంచి అది కాపాడదు. అండాలనో పిండాలనో ఫ్రీజ్ చేయించడానికి దాదాపు 2 వారాలు పడుతుంది, క్యాన్సర్ డాక్టర్ అంత గడువు ఇస్తే ఫ్రీజింగ్, అండాశయాలను జరిపే ఆపరేషన్ రెండూ చేయించడమే నయం.