క్లోమానికి మన మాట ఏది?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఇరవై ఏళ్ళుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. పోయిన నెల మామయ్యకి ఉన్నట్టుండి పొట్ట పైభాగంలో నొప్పి మొదలై వీపుకి తన్నుకొచ్చింది. వెల్లకిలా పడుకోలేకపోయారు. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం అన్నారు. ఆస్పత్రిలో రక్తపరీక్ష, స్కాన్ చూసి డాక్టరు తమిళంలో కణైయం వాచిందన్నాడు. అత్తయ్య నా వైపు తిరిగి "అదేందమ్మా?" అంది. స్కూల్లో బయాలజీ చదివిన దర్జాతో "క్లోమం అత్తయ్యా" అన్నాను. "అదేందమ్మా?" అని మళ్ళీ అదే ప్రశ్న!

గుండె, పేగులు, ఊపిరితిత్తులు అంటే ఆవిడకి చెప్పక్కర్లేదు. కార్జం వేపుడు ఆవిడ చెయ్యాల్సిందే. మరి క్లోమానికి, అదే ప్యాంక్రియాస్‌కి, అలాంటి ఇంటి మాట మనకి ఉందా? ఉంటే ఎవరైనా చెప్పండి.

మాస్టారు (సైన్సు చెప్పి రిటైరయ్యారు):
నేను ముప్పై ఏళ్ళు 'క్లోమం, క్లోమరసం' అని బోర్డు మీద రాసినవాణ్ణే. ఇంటి మాట నాకు తగల్లేదమ్మా. క్లోమం సంస్కృతమే, అయితే దాని కథ తిన్నగా లేదు. సుశ్రుతుడు గుండెకి కింద ఎడమవైపు ప్లీహం, ఫుప్ఫుసం (ఊపిరితిత్తి), కుడివైపు యకృత్తు (కాలేయం), క్లోమం ఉంటాయన్నాడు. మనం క్లోమం అంటున్న అవయవం కుడిపక్కన ఉండదు, పొట్ట వెనక అడ్డంగా ఎడమవైపుకి సాగి ఉంటుంది. అందుకే కుడి ఊపిరితిత్తినే క్లోమం అన్నారని కొందరు పండితుల వాదన. చరకుడేమో ఒంట్లో నీటిని మోసే దారులకి అంగిలి, క్లోమం మూలం అన్నాడు. దాహానికీ షుగరు జబ్బుకీ ఉన్న చుట్టరికం చూసి, ఇది ప్యాంక్రియాసే అనేవాళ్ళూ ఉన్నారు. అమరకోశంలో దీనికి 'తిలకం' అని ఇంకో పేరు. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్ళు ఒక పాత మాట తీసి కొత్త అవయవానికి తగిలించారు, అంతే. హిందీవాళ్ళు అదే క్లోమాన్ని చేప మొప్పలకి తగిలించి, ప్యాంక్రియాస్‌ని అగ్న్యాశయం అన్నారు.

వడపళని నుంచి ఒకరు:
తమిళం వాళ్ళని చూస్తే నాకు అసూయే. లివర్ కల్లీరల్, స్ప్లీన్ మణ్ణీరల్, లంగ్స్ నురైయీరల్. రాతి ఈరల్, మట్టి ఈరల్, నురగ ఈరల్ అన్నమాట. ఒకే మాటకి ముందు రాయీ, మన్నూ, నురగా చేర్చి మూడు పేర్లు! కూరల అంగట్లో అమ్మకి కూడా తెలుస్తుంది. మనం కాలేయం, ప్లీహం అంటాం. మనకున్న 'ఊపిరితిత్తి' మాత్రం వాటికేం తీసిపోదు. తిత్తి అంటే కొలిమి దగ్గర గాలి ఊదే తోలుసంచి కదా.

బెంగళూరు తమ్ముడు:
ఇక్కడ మేదోజీరక గ్రంథి అంటారక్కా. మా ఇంటి ఓనరు అది ఒక్క గుక్కలో పలకలేక ప్యాంక్రియాస్ అనేస్తాడు.

డాక్టరమ్మ:
అక్కా, మామయ్యగారికి ఇప్పుడు ఎలా ఉంది? డిశ్చార్జి కాగితంలో కె85 అని కోడ్ ఉందేమో చూడండి. హఠాత్తుగా వచ్చే ప్యాంక్రియాస్ వాపుకి ఐసీడీ-10 పట్టికలో అదే గుర్తు. ఆ పట్టిక వాడే ఏ దేశం డాక్టరుకి చూపించినా జబ్బేంటో తెలిసిపోతుంది. ఈ గొడవ మనదొక్కటే కాదు. 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శరీర భాగాల పేర్లకి ఒక జాబితా తయారుచేసేనాటికి, ఒంట్లో సుమారు 5,000 భాగాలకి దాదాపు 50,000 లాటిన్ పేర్లు వాడుకలో ఉన్నాయంటారు. ఒక్కో బడిలో ఒక్కో పేరు. ఆ వరసలోనే 1998లో వచ్చిన జాబితా పేరు టెర్మినోలోజియా అనాటోమికా. జబ్బుల్లో కనిపించే తేడాలకి 2008 నుంచి హ్యూమన్ ఫినోటైప్ ఆంటాలజీ అనే పట్టిక ఉంది. అందులో నాకు నచ్చేదేంటంటే, చాలా చోట్ల డాక్టర్ల మాట పక్కనే మామూలు జనం మాట కూడా చేర్చిపెట్టారు. మన భాషలో ఆ రెండో గడి ఖాళీగా ఉంది.

ఇంకోటి, ప్యాంక్రియాస్ అన్నది కూడా గొప్ప పేరేం కాదు. గ్రీకులో 'అంతా మాంసమే' అని అర్థం. ఎముకా లేదు, మృదులాస్థీ లేదు, ఏమనాలో తెలియక అలా అన్నట్టున్నారు. దాని భాగాల పేర్లు తల, మెడ, ఒళ్ళు, తోక. ఇవి చదివితే మా అబ్బాయి బల్లి అనుకున్నాడు.

మళ్ళీ నేనే:
మామయ్య ఇంటికొచ్చారు, బాగున్నారు. కాగితంలో కె85 ఉంది, ఇప్పుడే చూశాను. మీరంతా చెప్పినవి కలిపి అత్తయ్యకి ఇలా చెప్పాను: పొట్ట వెనకాల అడ్డంగా పడుకున్న మెత్తటి ముద్ద, తిన్నది అరగడానికి రసం ఊరుస్తుంది, ఒంట్లో చక్కెరని అదుపులో పెట్టే ఇన్సులిన్ కూడా అక్కడిదే. ఆవిడ కాసేపు ఆలోచించి "అయితే షుగరుకాయ అను" అంది. గుండెకాయ, తలకాయ, కందనకాయ, షుగరుకాయ! నాకు భలే నచ్చింది.

మాస్టారు:
బాగుంది కానీ ఒప్పుకోనమ్మా. పరీక్షలో 'షుగరుకాయ' అని రాస్తే నేను మార్కు వెయ్యను.

డాక్టరమ్మ:
నేను వేస్తాను మాస్టారూ! అయినా షుగరు అనేది దాని పనుల్లో ఒకటే. అది చూసుకోవాలి.

నేను:
డాక్టరమ్మ భయపడ్డట్టే అయింది. అత్తయ్య నెల్లూరులో వాళ్ళ అక్కకి ఫోన్ చేసి "మీ మరిదికి షుగరుకాయ వాచింది" అంది. సాయంత్రానికల్లా కాకరకాయ రసం, మెంతుల నీళ్ళు, అన్నం మానేసి చపాతీలు అని సలహాలు కుప్పలుగా వచ్చాయి. మామయ్యకి షుగరే లేదు! వాపుకి కారణం పిత్తాశయంలోంచి జారిన రాయి.

ఇక ఆ రాయి సంగతి చెప్పాలి. 'పిత్తాశయం' అంటే మళ్ళీ "అదేందమ్మా?" అంటుందని భయం వేసి, కార్జానికి అంటుకుని ఉండే చిన్న సంచి, పచ్చగా ఉంటుంది, అని మొదలుపెట్టాను. వాక్యం పూర్తి కాలేదు. "చేదుకట్టే కదా! చేప కోసేటప్పుడు అది పగిలితే పులుసంతా పాడు. దాంట్లో రాయా? ముందే అట్టా చెప్పొచ్చుగా" అని నన్నే కసిరింది.

మాస్టారూ, నాకు తోచింది ఇదీ. కోసేటప్పుడు చేతికి తగిలినవాటికి మన ఆడవాళ్ళు పేర్లు పెట్టారు. ఆ మెత్తటి ముద్ద కొవ్వులో కలిసిపోయి ఎవరి కంటా పడినట్టు లేదు. రేపు ఆదివారం మటన్ కొట్టుకి వెళ్ళినప్పుడు అడిగి చూస్తాను, అతనేమంటాడో.